గుణింతము తప్పిన పేర్లు
జాంగో చట్రముతో వెబ్‌సైటు కట్టునపుడు నిత్యము కలుగు చిక్కులు, వాని పరిహారము

ఉపోద్ఘాతము

గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొనయందు, ప్రాణహిత గోదావరిలో కలియు చోటికి చేరువగా సిరోంచ యున్నది. నదికి ఆవలియొడ్డున తెలంగాణములోని కాళేశ్వరము. దిగువకు పోయినచో ఇంద్రావతి, దాని కావల ఛత్తీస్‌గఢము. చంద్రపూరు జిల్లానుండి గడ్చిరోలి జిల్లా వేరుపడినది 1982 ఆగస్టు 26వ తేదీన. కచేరీ వ్యవహారము మరాఠీలోను, అనేక గృహములలో మాట తెలుగులోను, అడవి పల్లెలలో గోండీ, మాడియా భాషలలోను సాగుట ఈ ప్రాంతపు స్వభావము. ఇచ్చటి తెలుగు బాలుని పేరు ఇంటిలో తెలుగున పలుకబడును. దాఖలాపై నాగరిలిపిలో వ్రాయబడును. మరియొక పత్రముపై ఇంగ్లీషు అక్షరములలో అచ్చగును. మూడు లిపులలో మూడు రూపులు దాల్చిన పేరు ఒక్కరిదేయని చెప్పుకొనుటకు తలిదండ్రులు పడు తిప్పలు సరిహద్దున నుండువారికి క్రొత్త కాదు. కావున పేరునందలి ఒక కొమ్ము, ఒక గుడి, ఒక సున్న మాకు చిన్న విషయములు కావు.

ఇట్టి చోట తెలుగు బోధించువాడను నేను. కంప్యూటరు శాస్త్రము నా వృత్తి కాదు. మా పిల్లలు తమ అవ్వలవద్దను తాతలవద్దను సేకరించి తెచ్చిన ఇంటి మాటలను ఒకచోట చేర్చి పదకోశముగా నుంచవలెనని సంకల్పించి, ఆ పనికి జాంగో అను వెబ్ ఫ్రేమ్‌వర్కును నేర్చుకొంటిని. నేర్చుకొనునపుడు పడిన చిక్కులలో కొన్ని అందరికిని కలుగునట్టివి. కొన్ని తెలుగు వ్రాయువారికి మాత్రమే కలుగునట్టివి. ఈ రెండవ తెగ చిక్కులను గూర్చి తెలుగున వివరించుట ఉపయోగకరమని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాను. దీని సారాంశము ముందే చెప్పుదును: గట్టిగా చెప్పు దోషము మనకు మిత్రము, మౌనముగా నుండు దోషమే శత్రువు. తెలుగు మాటలకు సంభవించు దోషములలో పెక్కు మౌనముగా జరుగునవే.

చట్రమనగా నేమి?

ఇల్లు కట్టువాడు ప్రతి ద్వారబంధమును తానే చెక్కుకొనడు. వడ్రంగి సిద్ధపరచిన చట్రమును తెచ్చి గోడలో నిలుపును. అట్లే వెబ్‌సైటు కట్టువారందరికిని పదేపదే కావలసిన పనులు కొన్ని కలవు. చదువరి అడిగిన పుట యేదో గుర్తించుట, దానికి కావలసిన సమాచారమును భాండారమునుండి తెచ్చుట, దానిని పుటగా కూర్చి పంపుట, వ్రాసి పంపిన దరఖాస్తును పరీక్షించుట మొదలగునవి అట్టివి. వీనిని ముందుగనే వ్రాసి యుంచిన కోడుల సముదాయమునకే వెబ్ ఫ్రేమ్‌వర్కు అని పేరు. దీనిని మనము చట్రమని పిలువవచ్చును.

జాంగో చట్రము పుట్టినది ఒక వార్తాపత్రిక కార్యాలయమున. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున లారెన్స్ పట్టణమునుండి వెలువడు లారెన్స్ జర్నల్ వరల్డ్ పత్రిక వెబ్‌సైట్లకై ఏడ్రియన్ హొలోవటీ, సైమన్ విల్లిసన్ అనువారు 2003లో దీనిని ఆరంభించిరి. 2005 జులైలో ఇది అందరికిని ఉచితముగా విడుదలయ్యెను. 2008 సెప్టెంబరులో 1.0 సంచిక వెలువడెను. జాంగో రైన్‌హార్ట్ అను గిటారు విద్వాంసుని పేరు దీనికి పెట్టబడినది. ఇది పైథాన్ భాషలో వ్రాయబడినది.

దీనిలో ముఖ్యభాగములు మూడు. మొదటిది మోడల్, బడిలోని హాజరుపట్టీకి గడులు గీసినట్లు, ఏ సమాచారము ఏ గడిలో నుండవలెనో నిర్ణయించునది. రెండవది వ్యూ, వచ్చిన కోరికను విని, పట్టీని తెరచి, తగిన విషయమును తీయునది. మూడవది టెంప్లేటు, తీసిన విషయము పుటపై ఎట్లు కనబడవలెనో చెప్పునది. ఏ చిరునామాకు ఏ వ్యూ సమాధానము చెప్పవలెనో తెలుపు పట్టిక వేరుగా నుండును. చిక్కు కలిగినపుడు ఈ నాలుగింటిలో ఎచ్చట కలిగినదని ప్రశ్నించుకొనుటయే పరిష్కారమునకు తొలి మెట్టు.

దోషపత్రమును చదువు విధము

కోడు తప్పిపోయినపుడు పైథాన్ ఒక దీర్ఘమైన పత్రమును చూపును. దీనిని ట్రేస్‌బ్యాక్ అందురు. క్రొత్తవారు దీనిని చూచి బెదరి, ఏదో ఒకటి మార్చి మరల ప్రయత్నింతురు. అది తప్పు. నల్లని తెరపై వచ్చు ఈ పత్రమును క్రిందినుండి పైకి చదువవలెను. చిట్టచివరి పంక్తిలో దోషము పేరును, కారణమును ఉండును. దానిపైన నున్న పంక్తులు, ఏ ఫైలులో ఏ పంక్తినుండి ఏ పంక్తికి పోవుచు ఆ దోషమునకు చేరితిమో తెలుపును. వానిలో చట్రమువారి ఫైళ్లును, మన ఫైళ్లును కలగలిసి యుండును. మన ఫైలు పేరు చివరిసారి ఎచ్చట కనబడునో అచ్చట మొదట వెదకవలెను. దోషము సాధారణముగా చట్రములో కాక, దానికి మనమిచ్చిన దానిలోనే యుండును.

తరువాత పాటింపవలసిన నియమములు మూడు. ఒక్కసారికి ఒక్కటే మార్పు చేయవలెను. రెండు మార్చినచో ఏది ఫలించినదో తెలియదు. చిక్కును చిన్నది చేయవలెను. నూరు మాటలతో తప్పినది ఒక్క మాటతో కూడ తప్పునేమో చూడవలెను. ఊహింపక చూడవలెను, అనగా మధ్యలో నున్న విలువను తెరపై ముద్రింపజేసి, అది మనమనుకొన్నదేనా అని సరిచూచుకొనవలెను. పద్యమునకు గణవిభజన చేయునపుడు చెవి చెప్పినదానిని నమ్మక గురులఘువులను గుర్తించుట వంటిదే ఇది.

నోరు విప్పి చెప్పు దోషములు

అందరికిని కలుగు కొన్ని దోషములను ముందు చూతము. ఇవి తమ పేరు తామే చెప్పును గనుక వీనికి భయపడ నక్కరలేదు.

మోడల్‌లో క్రొత్త గడిని చేర్చి పుట తెరచినచో, అట్టి నిలువు వరుస లేదని దోషము వచ్చును. కారణమేమన, మనము మార్చినది పట్టీ యొక్క నమూనాను మాత్రమే. అసలు పట్టీ భాండారములో పాత గీతలతోనే యున్నది. మేక్‌మైగ్రేషన్స్ అను ఆజ్ఞ మార్పుల చిట్టాను వ్రాయును. మైగ్రేట్ అను ఆజ్ఞ ఆ చిట్టా ప్రకారము పట్టీని సవరించును. మొదటిది చేసి రెండవది మరచుట మిక్కిలి సామాన్యమైన పొరపాటు.

ఫారమును నింపి పంపగా 403 అను అంకెతో తిరస్కారము వచ్చుట మరియొకటి. ఇతర సైటువాడు మన సభ్యుని పేరిట దొంగ దరఖాస్తు పంపకుండుటకై, జాంగో ప్రతి ఫారములోను రహస్యపు గుర్తు నొకదానిని కోరును. దీనికి సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ అని పేరు. టెంప్లేటులోని ఫారము నడుమ ఆ టోకెన్ పంక్తిని చేర్చినచో చిక్కు తీరును. కొందరు ఈ కావలినే తొలగించి పని జరుపుకొందురు. తాళము బిగుసుకొన్నదని తలుపు ఊడబెరికినట్లగును గాన అట్లు చేయరాదు.

ఇంటి కంప్యూటరులో చక్కగా నున్న సైటు, లోకమునకు తెరచిన వెంటనే రంగులు, బొమ్మలు లేక వెలవెలబోవుట మూడవది. డీబగ్ అను అమరిక ఆన్ అయి యున్నంతవరకు అభివృద్ధి సర్వరు రంగుల ఫైళ్లను తానే చేరవేయును. దానిని ఆపిన పిదప ఆ బాధ్యత వెబ్ సర్వరుది. కలెక్ట్‌స్టాటిక్ అను ఆజ్ఞతో ఆ ఫైళ్లనన్నిటిని ఒకచోటికి చేర్చి, వెబ్ సర్వరునకు ఆ చోటు చూపవలెను. అదే సమయమున 400 అను తిరస్కారము వచ్చినచో, అలౌడ్ హోస్ట్స్ అను అమరికలో మన సైటు పేరు చేర్పలేదని గ్రహింపవలెను. ఈ రెండు చిక్కులకు విసిగి డీబగ్‌ను ఆన్ చేసియే వదలుట ప్రమాదకరము; తప్పు జరిగినపుడెల్ల మన కోడు లోగుట్టు లోకమునకు తెలియును. పిల్లల వివరములుండు బడి సైటునకు అది ఎంతమాత్రము తగదు.

పాలు, పులి, పొలం

ఇక మా పదకోశమునకు కలిగిన అసలు చిక్కును చెప్పుదును. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క పుట, ఆ పుటకు ఆ మాటతోనే చిరునామా ఉండవలెనని మా కోరిక. చిరునామాలో వాడు ఇట్టి గుర్తుపేరును జాంగోలో స్లగ్ అందురు. పత్రికా కార్యాలయమున వార్తకు తాత్కాలికముగా పెట్టు పొట్టిపేరునకు గల మాటయే ఇది. చట్రము పుట్టినింటి భాష దానిలో ఇట్లు నిలిచియున్నది. మాట నిచ్చినచో గుర్తుపేరు చేసి యిచ్చు ప్రమేయము స్లగిఫై అనునది చట్రములోనే యున్నది.

మొదట దానికి తెలుగు మాట నిచ్చినపుడు ఏమియు రాలేదు, ఖాళీ వచ్చినది. మామూలుగా నది ఇంగ్లీషు అక్షరములను మాత్రమే నిలిపి తక్కినవానిని విసర్జించును. ఖాళీ పేరుతో చిరునామా కుదరదని జాంగో గట్టిగానే మొరపెట్టెను. వెదకగా, ఇతర లిపులను అనుమతించు అలౌ యూనికోడ్ అను అమరిక 2015 డిసెంబరులో వెలువడిన 1.9 సంచికనుండియు ఉన్నదని తెలిసెను. దానిని పెట్టితిని. చిరునామాల పట్టికలోని స్లగ్ అను జాతి కూడ ఇంగ్లీషు అక్షరములనే యొప్పుకొనును గాన, దానిని స్ట్రింగ్ జాతిగా మార్చితిని. పుటలు తెరచుకొన్నవి. పని ముగిసినదని తలచితిని.

కొన్ని దినములకు వేరొక దోషము వచ్చెను. ఒక మాటను తెమ్మని యడుగగా మూడు వచ్చినవని దాని భావము. అప్పుడే నేను చేయరాని పని చేసితిని. పిల్లలు ఎదుట కూర్చుండి యుండిరి; కరెంటు ఎప్పుడు పోవునో తెలియదు; తొందరలో, వచ్చినవానిలో మొదటిదానిని తీసికొమ్మని కోడు మార్చితిని. దోషపత్రము మాయమయ్యెను. అందరము సంతోషించితిమి.

మరునాడు ఎనిమిదవ తరగతి బాలిక యొకతె, "సార్, పులిని నొక్కితే పాలొస్తున్నయి" అన్నది. తరగతియంతయు నవ్వినది. పులిపాలు తెమ్మన్న కథ పిల్లలకు తెలియును గదా! నవ్వు చల్లారిన పిదప "పొలం" నొక్కితిమి. దానికిని పాలే వచ్చినవి. అప్పుడు ప్రతి మాటకును యంత్రము చేసిన గుర్తుపేరును తెరపై ముద్రింపజేసితిని. "పాలు" అనుదానికి "పల". "పులి"కి "పల". "పొలం"నకు "పల". "సిరోంచ" "సరచ" ఐనది. "గడ్చిరోలి" "గడచరల" ఐనది. తుదకు "తెలుగు" అను మాటయే "తలగ" ఐపోయినది.

కారణము లిపి స్వభావమున నున్నది. ప్రపంచ లిపులన్నిటికి సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ పద్ధతి 1991లో వెలువడినపుడే తెలుగునకు చోటు దొరకినది. పదునారు మూలపు లెక్కలో 0సి00 మొదలు 0సి7ఎఫ్ వరకు గల 128 స్థానములు మనవి. అందు అచ్చులు, హల్లులు అక్షరములుగాను, గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు మొదలగునవి అక్షరమునకు చేరు చిహ్నములుగాను వర్గీకరింపబడినవి. స్లగిఫై ప్రమేయము మాటలో నుండదగిన వర్ణమేది, తీసివేయదగినదేది అని పైథాన్ నడుగును. పైథాన్ యొక్క నియమము ప్రకారము అక్షరములు, అంకెలు, క్రిందిగీత మాత్రమే మాటలో భాగములు, చిహ్నములు కావు. కావున గుణింతమంతయు విరామచిహ్నములతో పాటు చెత్తగా ఊడ్వబడినది. మన వ్యాకరణములో అచ్చులకు ప్రాణములనియు, హల్లులకు ప్రాణులనియు పేర్లు. యంత్రము ప్రాణములను తీసి ప్రాణులను మాత్రము వరుసగా పేర్చినది.

ఇది ఎవరో మనపై కక్షతో చేసినది కాదు. యూనికోడ్ సంస్థ ప్రకటించిన సాంకేతిక పత్రములో, మాటను గుర్తించునపుడు అట్టి చిహ్నములను కూడ కలుపుకొనవలెనని సూచన యున్నది. పైథాన్ భాషలోని సామాన్య నియమము అంతదూరము పోలేదు, అంతే. ఇంగ్లీషు మాటలతోనే పరీక్షించువారికి ఈ లోపము జన్మలో కనబడదు. తెలుగు మాటతో పరీక్షించువాడే దీనిని పట్టుకొనవలెను.

పరిహారము రెండు విధములు. మొదటిది, స్లగిఫై స్థానమున మన ప్రమేయమును మనమే వ్రాసికొనుట. అందు తెలుగు స్థానములు 128 మొత్తముగా అనుమతించి, ఖాళీలను అడ్డగీతలుగా మార్చి, తక్కిన విరామచిహ్నములను తొలగించిన చాలును. అట్లు చేయునపుడు స్లగ్ గడికి బదులు మామూలు అక్షరపు గడిని వాడవలెను. యూనికోడ్‌కు అనుమతి యిచ్చినను స్లగ్ గడి యొక్క తనిఖీ కూడ గుణింతమును త్రోసిపుచ్చును. రెండవది, చిరునామాలో మాటకు బదులు దాని వరుససంఖ్యను వాడుట. మేము రెండవదానిని ఎన్నుకొంటిమి. ఏలయన, తెలుగు చిరునామాను నకలు తీసి ఫోనులో పంపునపుడు ఒక్కొక్క వర్ణము మూడు బైట్లుగా, ఒక్కొక్క బైటు శాతపు గుర్తుతో కూడి మూడు అక్షరములుగా మారును. "పాలు" అను చిన్న మాట 36 అక్షరములగును. సంఖ్య ఐనచో ఎవరికిని చిక్కు లేదు. మాట పుటపై నిండుగా నున్నచో చాలును.

అక్షరమును లెక్కించుట

మనకు అక్షరమనగా నోటితో ఒకమారు పలుకునది. యంత్రమునకు అక్షరమనగా ఒక యూనికోడ్ సంఖ్య. "స్త్రీ" మనకు ఒక్క అక్షరము. పైథాన్ లెక్కలో ఆరు వర్ణములు, యూటీఎఫ్ 8 పద్ధతిలో 18 బైట్లు. "వేంకటసుబ్బలక్ష్మి" అను పేరు మనకు ఏడక్షరములు; యంత్రమునకు 17. పది అక్షరముల పేరు చాలునని గడికి పది హద్దు పెట్టినచో, హద్దు మించినదని ఫారము తిరస్కరించును. కావున తెలుగు పేర్ల గడులకు మనము లెక్కించిన దానికి మూడింతలైనను హద్దు పెట్టుట క్షేమము.

దీర్ఘమైన వాక్యమును పొట్టిగా చూపుటకు టెంప్లేటులో ట్రంకేట్‌చార్స్ అను సాధనము కలదు. అది వర్ణములను లెక్కించి కోయును గాన, చివరి అక్షరమునకు గుణింతము ఊడిపోవచ్చును. "గోదావరి" "గోదావర" యని ఆగవచ్చును. మాటలను లెక్కించు ట్రంకేట్‌వర్డ్స్ అను సాధనమును వాడినచో ఈ కత్తికోత యుండదు.

వెదకుటలో మరి రెండు చిక్కులు కలవు. ఐత్వమును యూనికోడ్‌లో ఒకే చిహ్నముగా వ్రాయవచ్చును. ఎత్వమును, దానికి క్రింద చేరు గుర్తును కలిపి రెండు చిహ్నములుగాను వ్రాయవచ్చును. కంటికి రెండును ఒక్కటే. ఒకరు ఒక విధముగా చేర్చిన "కైకిలి" అను మాటను మరియొకరు వేరొక విధముగా వెదకినచో దొరకదు. ఎన్‌ఎఫ్‌సీ అను ప్రమాణీకరణము రెంటిని ఒకే రూపునకు తెచ్చును. దాచునపుడును, వెదకునపుడును దానిని తప్పక చేయవలెను. రెండవది కంటికి కనబడని వర్ణము. పొల్లు తరువాతి హల్లు వత్తుగా మారకుండ విడిగా నిలుచుటకు జీరో విడ్త్ నాన్ జాయినర్ అను అదృశ్యవర్ణమును వాడుదురు. "గడ్చిరోలి" యని వత్తుతో వ్రాయువారును కలరు, "గడ్‌చిరోలి" యని విడదీసి వ్రాయువారును కలరు. యంత్రమునకు ఇవి రెండు ఊర్లు. మేము ప్రతి మాటకు రెండు గడులుంచితిమి. ఒకటి చూపుటకు, వ్రాసినవాని ఇష్టప్రకారము. రెండవది వెదకుటకు, అదృశ్యవర్ణమును తీసి ప్రమాణీకరించినది.

అకారాదిక్రమము విషయమునను జాగ్రత్త కావలెను. యూనికోడ్ వరుసలో "ళ" అనునది లకారము వెనువెంటనే, వకారమునకు ముందే యున్నది. మన వర్ణమాలలో నది హకారము తరువాతిది. యంత్రపు వరుసను నమ్మినచో "కళ" ముందును, "కవి" వెనుకను వచ్చును.

గడియారపు చిక్కు

జాంగోలో క్రొత్త సైటు నారంభించినపుడు కాలమండలము యూటీసీ యని వ్రాయబడియుండును. మన గడియారము దానికంటె అయిదున్నర గంటలు ముందు. జనవరి 26వ తేదీ తెల్లవారుజామున 5 గంటలకు జెండా వందనపు ప్రకటనను చేర్చినచో, సైటు దానికి 25వ తేదీ వేయును. ఉదయము 5 గంటల 30 నిమిషములు దాటిన పిదప చేర్చినవానికి తేదీ సరిగానే యుండును. గంట మాత్రము తప్పును. అందుచే దోషము ఒకమారు కనబడి ఒకమారు దాగును. టైమ్ జోన్ అను అమరికలో ఏషియా కోల్‌కతా అని వ్రాసినచో ఇది తీరును.

ఇరుగుపొరుగు భాషలు

గుణింతపు చిక్కు తెలుగునకే పరిమితము కాదు. మరాఠీ లిపియందును మాత్రలు చిహ్నములే గనుక, "మరాఠీ" అను మాటయే అందు "మరఠ" యగును. మా జిల్లాలో మరాఠీ ఉపాధ్యాయుడును, తెలుగు ఉపాధ్యాయుడును ఒకే మందు వాడవలసినవారు.

గోండీ విషయమున మరియొక జాగ్రత్త కలదు. మసరం గోండీ లిపి 2017లోను, ఆదిలాబాదు ప్రాంతపు గుంజాల గ్రామము పేర ప్రసిద్ధమైన గుంజాల గోండీ లిపి 2018లోను యూనికోడ్‌లో చేరినవి. తెలుగు వర్ణమునకు మూడు బైట్లు కావలసియుండగా, ఈ లిపుల వర్ణమునకు నాలుగు కావలెను. మైఎస్‌క్యూఎల్ భాండారములో యూటీఎఫ్ 8 అను పాత అమరిక మూడు బైట్లవరకే మోయును. నాలుగు బైట్ల వర్ణములకు యూటీఎఫ్ 8 ఎంబీ 4 అను అమరిక కావలెను. తెలుగు చక్కగా నిలిచినది గదా యని తృప్తిపడినచో, పక్క బెంచీ గోండు బాలుని మాటకు మన పట్టీలో చోటుండదు. మన గుణింతమును మరచినవానిని తప్పుపట్టిన మనము ఆ తప్పునే పొరుగువానికి చేయరాదు.

ఉపసంహారము

చట్రము మన శ్రమను ఎంతయో తగ్గించును. కాని అది చేసినవారికి తెలిసినంతవరకే అది మనకు తోడ్పడును. వారికి తెలియని చోట మనము కావలి యుండవలెను. ఇందులకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. ప్రతి తెలుగు సైటు కట్టువాడును ఒక చిన్న పరీక్షాపట్టీని దగ్గరనుంచుకొన్న చాలును. మా పట్టీలో నున్నవి ఇవి: పాలు, పులి, పొలం అను మూడు మాటలు వేరువేరుగా నిలుచునా? "స్త్రీ" ఎచ్చటనైనను తెగునా? "దుఃఖము", "ఋషి", "ఱెక్క" చెక్కుచెదరక తిరిగివచ్చునా? రెండు విధముల "కైకిలి" ఒకే వెదకులాటలో దొరకునా? రెండు విధముల గడ్చిరోలి ఒకే యూరగునా? "వేంకటసుబ్బలక్ష్మి"కి గడి చాలునా? జాంగోలోనే పరీక్షలు వ్రాయుటకు ఏర్పాటు కలదు. వీనిని ఒకమారు వ్రాసి యుంచినచో, కోడు మార్చినపుడెల్ల యంత్రమే వీనిని సరిచూచి చెప్పును. అనగా మౌనదోషమునకు మనము నోరిచ్చినట్లగును.

నేను చేసిన పొరపాటును దాచక చెప్పితిని. మూడు మాటలు ఒకేచోటికి వచ్చినవని యంత్రము చెప్పినపుడు దాని నోరు మూయించితిని. ఆ మాట వినియుండినచో ఆ దినముననే గుణింతము పోయినదని తెలిసియుండెడిది. యంత్రమును అడ్డుకొనలేని నన్ను ఒక బాలిక మాట అడ్డుకొన్నది. పులి యనగా పాలు కాదని ఆమెకు సందేహము లేకుండ తెలియును. తన భాష తెలిసినవారు చూచుచుండుటకంటె మంచి పరీక్ష వేరొకటి లేదు.

మా పదకోశమున ఇప్పుడు పులి పులిగాను, పొలం పొలంగాను ఉన్నవి. ఏటికి రెండు ఒడ్డులనున్న తెలుగు ఉపాధ్యాయులును, దూరదేశములలో ఈ విద్యయందు ఆరితేరిన తెలుగువారును తమ తమ పరీక్షాపట్టీలను దీనికి చేర్చి, మన పిల్లల పేర్లు యంత్రము గుండా పోయి వచ్చినను గుణింతముతో తిరిగివచ్చునట్లు చూతురుగాక యని కోరి విరమించుచున్నాను.